మణిపూర్ నుంచి వచ్చిన కుటుంబాలతో మా సంఘంలో ఆరాధన ఎలా జరపాలి?

తమ్ముడూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. మీది హైదరాబాద్ శివారులో నూటయాభై మంది కూడుకునే తెలుగు సంఘం. మణిపూర్ గొడవల్లో ఇళ్ళు పోగొట్టుకున్న ఆరు కుటుంబాలు మీ వీధి పక్కన అద్దెకు దిగి, ఆదివారం ఆరాధనకు రావడం మొదలుపెట్టాయి. మొదటి ఆదివారమే వాళ్ళలో ఒకావిడను ముందుకు పిలిచి సాక్ష్యం చెప్పమన్నారు. ఆవిడ హిందీలో నాలుగు మాటలు చెప్పి, ఆగిపోయి, పిల్లను ఎత్తుకుని బయటికి వెళ్ళిపోయింది. తర్వాత రెండు వారాలు ఆరు కుటుంబాల్లో ఒక్కరూ రాలేదు. ఎక్కడ తప్పు జరిగింది, వాళ్ళకు వేరే ఆరాధన పెట్టాలా, సాయం ఎలా చేయాలి అని అడిగారు.

నేను పాస్టర్‌ను కాను. నర్సుగా పనిచేసి రిటైరయ్యాను. మా ఆయన ఇచ్ఛాపురం వైపు ముప్పై ఏళ్ళు సంఘ కాపరిగా ఉన్నారు. అటు తెలుగూ ఒడియా రెండూ నోట్లో ఆడతాయి కాబట్టి, 2008లో ఒడిశాలోని కంధమాల్ జిల్లాలో క్రైస్తవుల ఇళ్ళమీద దాడులు జరిగి జనం ఇళ్ళు వదిలి శిబిరాలకు చేరినప్పుడు మమ్మల్ని పిలిచారు. ఆ సెప్టెంబరు నుంచి ఫిబ్రవరి దాకా జి. ఉదయగిరి, రైకియా, టికాబలి శిబిరాల మధ్య తిరిగాం. తర్వాత ఏళ్ళలో కూడా ఆ కుటుంబాల దగ్గరికి వెళ్తూనే ఉన్నాం. మణిపూర్ సంగతి నాకు అంత లోతుగా తెలియదు. 2024 ఫిబ్రవరిలో మిజోరం రాజధాని ఐజ్వాల్ మీదుగా రోడ్డున మణిపూర్‌లోని చురాచాంద్‌పూర్ వెళ్ళి పదిహేను రోజులు ఉన్నాను. ఆ రెండు చోట్ల చూసినదాన్నుంచే చెబుతున్నాను.

ముందు సాక్ష్యం సంగతి. మీరు చెడ్డ మనసుతో చేయలేదని నాకు తెలుసు, ఎందుకంటే నేనూ అదే చేశాను. జి. ఉదయగిరి శిబిరంలో రెండో ఆదివారం, భర్తను పోగొట్టుకున్న ఒకామెను లేపి, "దేవుడు నిన్ను ఎలా కాపాడాడో చెప్పమ్మా" అన్నాను. ఆమె లేచి నిలబడింది. పెదవులు కదిలాయి, మాట రాలేదు. చుట్టూ వందమంది ఆమె ముఖంలోకే చూస్తున్నారు. నేను ఇంకోసారి అడిగాను, అది ఇంకా పెద్ద తప్పు. ఆ సాయంత్రం ఆమె జ్వరంతో పడుకుంది. నేనే పక్కన కూర్చుని గుడ్డ తడిపి వేశాను.

తర్వాత చాలాకాలం దీని గురించి ఆలోచించాను. మన సంఘాల్లో సాక్ష్యానికి ఒక పద్ధతి ఉంది. కష్టం వచ్చింది, ప్రార్థన చేశాం, దేవుడు దాటించాడు, ఆయనకే మహిమ, అందరూ హల్లెలూయ. అంటే సాక్ష్యం ముగిసిన కథ. జబ్బు నయమైనవాళ్ళు, ఉద్యోగం వచ్చినవాళ్ళు అలా చెప్పగలరు. ఇల్లు పోయి, ఊరికి వెళ్ళే దారి మూసుకుపోయి, కేసు ఎక్కడుందో తెలియక, పిల్లల చదువు ఏమవుతుందో తెలియక మీ సంఘంలో కూర్చున్న ఆవిడ కథ ఇంకా ముగియలేదు. ఆ కథకు చివర్లో మహిమ వాక్యం తగిలించి చెప్పమంటే ఆవిడ ఎక్కడినుంచి తెస్తుంది? తేలేకపోతే విశ్వాసం తక్కువని అనుకుంటారేమోనని భయం. తెస్తే అబద్ధం చెప్పినట్టు లోపల నలుగుతుంది. అందుకే లేచి వెళ్ళిపోయింది. నా దృష్టిలో ఆవిడ చేసింది నిజాయితీ అయిన పని.

కాబట్టి ఒక్క మాట గట్టిగా చెబుతాను. ఈ కుటుంబాలను ఎప్పుడూ సాక్ష్యం అడగకండి. వాళ్ళంతట వాళ్ళే చెబుతామంటే, అది రెండేళ్ళకో మూడేళ్ళకో, వినండి. దానికి బదులు ఆరాధనలో పని ఇవ్వండి. నాకు తెలిసిన మొత్తం ఈ ఒక్క సంగతే. కింద రాసేవన్నీ దాని వివరాలు.

పని అంటే ఏమిటో శిబిరంలో ఒక ముసలామె నాకు చూపించింది. అక్కడ గుడారాల మధ్య ఖాళీ జాగాలో ఆరాధన జరిగేది. ఒక ఆదివారం కానుక సమయంలో ఆ ఊళ్ళ పెద్దలు ఒక గుడ్డ పరిచారు. జనం వరసగా వచ్చి, ప్రభుత్వం ఇచ్చిన రేషన్ బియ్యంలోంచి పిడికెడు పిడికెడు అందులో పోస్తున్నారు. నాకు మనసు ఆగలేదు. వీళ్ళకే తిండికి చాలడం లేదు, వీళ్ళ దగ్గర కానుక ఏమిటి అనిపించి, ముసలామె ముందు నిలబడి, వద్దమ్మా, ఉంచుకో అన్నాను. ఆమె నా మాటకు జవాబు చెప్పలేదు. నన్ను చుట్టి వెళ్ళి బియ్యం పోసి, చేతులు దులుపుకుని, తన చోటుకు వెళ్ళి కూర్చుంది. ఆ బియ్యం సాయంత్రం కొత్తగా వచ్చిన నాలుగు కుటుంబాలకు వండిపెట్టారు. నెలరోజులుగా అందరూ వాళ్ళకు ఇస్తూనే ఉన్నారు. వాళ్ళు ఇంకొకరికి ఇచ్చింది ఆ ఒక్క చోటే, నేను దానికి అడ్డం నిలబడ్డాను.

ఈ పిడికెడు బియ్యం పద్ధతి మన పాత సంఘాల్లోనూ ఉంది, మీ అమ్మమ్మగారి తరంవాళ్ళను అడగండి. వంటకు ఎసరు పెట్టినప్పుడల్లా ఒక పిడికెడు పక్కన కుండలో వేసి, ఆదివారం చర్చికి తెచ్చేవాళ్ళు. మిజోరంలో అయితే ఇది 1910 నుంచి సంఘానికి వెన్నెముకలా నడుస్తోంది, అక్కడ దాన్ని బుహ్‌ఫాయ్ థామ్ అంటారు. 2023లో మణిపూర్ నుంచి పన్నెండు వేలమందికి పైగా మిజోరం చేరారు. అప్పటికే 2021 సైనిక తిరుగుబాటు తర్వాత మయన్మార్ నుంచి వచ్చిన చిన్ జనం వేలల్లో అక్కడ ఉన్నారు. అంతమందికి తిండి పెట్టినవాళ్ళు ఎక్కువగా గొప్ప దాతలు కారు, ఇలాంటి కుండల్లో బియ్యం దాచే ఆడవాళ్ళూ, ఊరూరా ఉన్న యువజన సంఘాలవాళ్ళూ. మీ దగ్గరికి వచ్చిన ఆడవాళ్ళకు ఈ పద్ధతి గురించి చెప్పక్కర్లేదు, బహుశా వాళ్ళే మీకు చెబుతారు. మీ స్త్రీల సమాజం దీన్ని మళ్ళీ మొదలుపెట్టి, కుండ బాధ్యత వాళ్ళలో ఒకరికి అప్పగిస్తే ఎంత బాగుంటుందో.

ఇక వాళ్ళెవరో సరిగ్గా తెలుసుకోండి. మీరు మీ ప్రశ్నలో "మణిపురి ఫ్యామిలీస్", "మణిపురి భాష" అని రాశారు. మణిపురి అంటే ఇంఫాల్ లోయలో ఎక్కువగా ఉండే మెయితేయి వాళ్ళ భాష. మీ దగ్గరికి వచ్చినవాళ్ళు కొండల్లోని కుకీ-జో తెగలవాళ్ళని మీరే రాశారు, గొడవ జరిగింది ఈ రెండు జాతుల మధ్యే కాబట్టి, వాళ్ళ భాషను మణిపురి అనడం వాళ్ళకు గాయంమీద చెయ్యి వేసినట్టే. వాళ్ళలో కూడా థాడౌ, పైతే, మార్, వైఫేయి, జోవు ఇలా ఎన్నో మాటలున్నాయి, ఒకదానికొకటి చుట్టాలు. ఆరు కుటుంబాలూ ఒకే భాషవాళ్ళు కాకపోవచ్చు. చర్చి కూడా అందరిదీ ఒకటి కాదు, బాప్టిస్టు, ప్రెస్బిటేరియన్, ఇవాంజెలికల్, కాథలిక్కు అన్నీ ఉన్నాయి. ఒక్కో కుటుంబాన్ని అడిగి రాసుకోండి. మనల్ని ఉత్తరాదిలో అందరినీ కలిపి మద్రాసీ అంటే మనకెలా ఉంటుంది?

చురాచాంద్‌పూర్‌ను వాళ్ళు లమ్‌కా అంటారు. ఆ పేరుతో అడిగితే ముఖాలు విచ్చుకుంటాయి. ఇంకొకటి, వాళ్ళకు క్రైస్తవం కొత్త కాదు. 1894లో విలియం పెటిగ్రూ మణిపూర్ వచ్చాడు, 1910లో వాట్కిన్ రాబర్ట్స్ దక్షిణ కొండల్లోని సేన్వోన్ గ్రామానికి వెళ్ళాడు. అంటే మీ దగ్గరికి వచ్చిన పిల్లల తాతముత్తాతలే విశ్వాసులు. మనవాళ్ళు కొందరు వాళ్ళకు రక్షణ సువార్త మొదటినుంచీ బోధించబోతారు. దయచేసి ఆపండి. ఆ ఆరు ఇళ్ళలో ఒక డీకనో, సండే స్కూల్ టీచరో, పాటల బృందం నడిపినవాళ్ళో తప్పకుండా ఉంటారు.

రాజకీయాల గురించి కూడా ఒక మాట చెప్పాలి, ఎందుకంటే మీ సంఘంలో ఎవరో ఒకరు ప్రసంగ పీఠం నుంచి దీన్ని "క్రైస్తవులమీద హిందువుల దాడి" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. 2023 మే 3న మొదలైన ఆ గొడవలో భూమి, ఎస్టీ హోదా, అధికారం, పాత జాతి వైరం అన్నీ కలిసి ఉన్నాయి. రెండు వైపులా కలిపి 250 మందికి పైగా చనిపోయారు, దాదాపు 60,000 మంది ఇళ్ళు వదిలారు. కొండలవైపు నుంచి పారిపోయి ఇంఫాల్ లోయలో శిబిరాల్లో ఉన్న మెయితేయి కుటుంబాలు కూడా ఉన్నాయి. మెయితేయి క్రైస్తవులూ ఉన్నారు, లోయలో వాళ్ళ చర్చిలు కూడా ధ్వంసమయ్యాయి. వాళ్ళకు ఏ వైపూ చోటు దొరకలేదు. రేపు అలాంటి కుటుంబం ఒకటి మీ గుమ్మం ఎక్కవచ్చు. ప్రసంగ పీఠం మీద ఎవరో ఒకరిని శత్రువుగా నిలబెడితే, ఆ రోజు మీరు వాళ్ళ కళ్ళలోకి చూడలేరు. వందల చర్చిలు కాలిపోయింది నిజం, దాన్ని దాచమని అనడం లేదు. జరిగింది జరిగినట్టు ప్రార్థనలో చెప్పండి, అంతకు మించి పోకండి.

ఇప్పుడు ఆదివారం. మన ఆరాధనలో వాళ్ళకు కొత్తగా అనిపించేవి మనకు కనబడవు. మనం చెప్పులు బయట విడిచి చాపమీద కూర్చుంటాం, ఆడవాళ్ళు ఒకవైపు, మగవాళ్ళు ఒకవైపు. వాళ్ళు బూట్లతోనే లోపలికి వచ్చి బెంచీలమీద కూర్చోవడం అలవాటైనవాళ్ళు. మన ఆడవాళ్ళు ముసుగు వేసుకుంటారు, వాళ్ళలో చాలామందికి ఆ అలవాటు లేదు. మీ సంఘంలో పెద్దావిడ ఎవరైనా మంచికే అనుకుని ఆ అమ్మాయి తలమీద చున్నీ కప్పేసి ఉంటారని నా అనుమానం, నేను ఇది ఒకచోట కళ్ళారా చూశాను. ముందుగానే పెద్దలను కూర్చోబెట్టి, ఎవరూ ఏమీ అనకూడదని చెప్పండి. చెప్పుల సంగతి వాళ్ళు చూసి నేర్చుకుంటారు, ముసుగు వాళ్ళ ఇష్టం.

బట్టల విషయం ఇంకా సున్నితం. అక్కడ ఆడవాళ్ళు చర్చికి తెగకొక నేతతో ఉన్న పువాన్ కట్టుకుని, మగవాళ్ళు కోటు వేసుకుని వెళ్తారు. ఆదివారం బట్ట అంటే మర్యాద. కట్టుబట్టలతో పరుగెత్తినవాళ్ళ దగ్గర అది లేదు. రైకియాలో ఒకామె మూడు ఆదివారాలు ఆరాధనకు రాకపోతే ఒంట్లో బాగాలేదేమోనని చూడటానికి వెళ్ళాను. ఆమె దగ్గర ఉన్నది ఎవరో దానం చేసిన నైటీ ఒక్కటే. అది కట్టుకుని దేవుని సన్నిధికి ఎలా వస్తానంది. ఆ వారం మేం పాత బట్టల మూటలు తీసుకోవడం ఆపేసి, వచ్చిన డబ్బుతో బరంపురం బజారులో కొత్త చీరలు కొన్నాం. తక్కువ మందికే ఇవ్వగలిగాం, అయినా అదే సరైనదని ఇప్పటికీ అనుకుంటున్నాను. మీవాళ్ళు పాతబట్టలు పోగు చేస్తుంటే ఆపించండి. ఐజ్వాల్ నుంచి పువాన్‌లు తెప్పించవచ్చు, ఏ నేత కావాలో వాళ్ళనే అడగండి.

వేరే ఆరాధన పెట్టాలా, కలిపి నడపాలా అన్నారు. రెండూ కావాలి. మనిషి ఏడ్చేది సొంత భాషలోనే. కంధమాల్‌లో చాలామంది ఒడియా మాట్లాడేవాళ్ళే, అయినా రాత్రి దీపం పెట్టాక చేసే ప్రార్థన కుయి భాషలోకి జారిపోయేది. కుయి మన తెలుగుకు దగ్గర చుట్టం, ఒకే శాఖ నుంచి పుట్టిన భాష, అయినా నాకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. ఆ గొంతులో వచ్చే మార్పు మాత్రం తెలిసేది. ఆదివారం మధ్యాహ్నం మీ మందిరం ఖాళీగా ఉంటుంది కదా. రెండు గంటలు వాళ్ళకు ఇవ్వండి. ఇచ్చేటప్పుడు తాళంచెవి వాళ్ళలో ఒకరి చేతిలో పెట్టండి. ప్రతి వారం వాచ్‌మన్‌ను బతిమాలి తలుపు తీయించుకునే పరిస్థితి పెట్టకండి. ఇల్లు పోయినవాళ్ళ చేతికి ఒక తాళంచెవి రావడం ఎంత పెద్ద విషయమో తాళంచెవి పోనివాళ్ళకు తెలియదు. ఆ గంటల్లో మీరు వెళ్ళి ముందు వరసలో కూర్చోవద్దు, పిలిస్తేనే వెళ్ళండి. హైదరాబాద్, సికింద్రాబాద్‌లలో ఈశాన్య రాష్ట్రాల విద్యార్థులు, ఉద్యోగులు ఏళ్ళుగా తమ భాషల్లో కూడుకుంటున్నారు. వాళ్ళతో కలపండి, ఆ కూటాల్లో ప్రసంగం చేసేవాళ్ళు దొరుకుతారు.

పొద్దున జరిగే మీ తెలుగు ఆరాధనలో మాత్రం చిన్నచిన్న మార్పులు చాలు. ప్రసంగాన్ని మాట మాటకీ హిందీలోకి తర్జుమా చేస్తే గంటన్నర అవుతుంది, రెండు పక్షాలకూ విసుగు. ప్రసంగం సారాంశం ఒక పేజీ ఇంగ్లీషులో రాసి ముందురోజే వాట్సాప్‌లో పంపండి, వాళ్ళలో చదువుకున్న పిల్లలు ఇంట్లోవాళ్ళకు చెబుతారు. వాక్య పఠనం మాత్రం ఒకటి వాళ్ళ భాషలో వాళ్ళచేతనే చదివించండి, తర్జుమా లేకుండా. నూటయాభై మంది తెలుగువాళ్ళు ఐదు నిమిషాలు అర్థం కాని భాషను వింటూ కూర్చోవాలి. వాళ్ళు మీ దగ్గరికి వస్తే ప్రతి వారం రెండు గంటలు చేయాల్సింది అదే. పరలోక ప్రార్థన ఎవరి భాషలో వాళ్ళు ఒకేసారి చెప్పండి. లమ్‌కాలో నేను అలా తెలుగులో చెప్పాను, పక్కన ఉన్న బామ్మ ఆమెన్ దగ్గర నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

పాట వాళ్ళ బలం. చిన్నప్పటినుంచీ సోల్ఫా అనే స్వరాల అక్షరాలు చూసి నాలుగు గొంతుల్లో పాడతారు, డోలు వాళ్ళే వాయిస్తారు. ఆ డోలును ఖువాంగ్ అంటారు. మన కీబోర్డు తమ్ముళ్ళు వాళ్ళ పాటలో దూరకుండా చూసుకోండి. మనకు సౌండ్ కొంచెం ఎక్కువే, ఆ ఒక్క పాటకు మైకులు కట్టేయండి.

దుఃఖం గురించి చెప్పాలి. మన ఆరాధనలో స్తుతి ఎక్కువ, ఏడుపుకు చోటు తక్కువ. కీర్తనల గ్రంథంలో మాత్రం మొరపెట్టే కీర్తనలు ఎన్నో ఉన్నాయి. 88వ కీర్తన తీసి చదవండి. చివరిదాకా వెలుగు రాదు, చీకటి అన్న మాటతోనే ఆగిపోతుంది. ముగింపు లేని ప్రార్థనను కూడా బైబిలు అలాగే ఉంచింది, ఎవరూ దాని చివర మహిమ వాక్యం చేర్చలేదు. శిబిరంలో నేను ఆ విధవరాలిని లేపి నిలబెట్టినప్పుడు ఇది తెలిసి ఉంటే, ఆమెను కూర్చోనిచ్చి ఈ కీర్తన చదివేదాన్ని.

చనిపోయినవాళ్ళ సంగతి అడగడానికి మీరు భయపడుతూ ఉండవచ్చు. ఇది తెలుసుకోండి. మణిపూర్‌లో ఎన్నో కుకీ-జో కుటుంబాల శవాలు నెలల తరబడి మార్చురీల్లో ఉండిపోయాయి. 2023 డిసెంబరులో ఇంఫాల్ నుంచి కొన్నింటిని హెలికాప్టర్లలో తెచ్చాక, 20వ తేదీన లమ్‌కా దగ్గర సెహ్‌కెన్‌లో 87 మందిని ఒకేసారి పాతిపెట్టారు. మేలో చనిపోయినవాళ్ళకు డిసెంబరులో సమాధి! నేను వెళ్ళినప్పటికి రెండు నెలలే అయింది, మట్టి ఇంకా కొత్తగానే ఉంది. అక్కడ చావు జరిగిన ఇంట్లో రాత్రులు జనం చేరి పాడుతూ కూర్చోవడం ఆచారం. చెల్లాచెదురైన కుటుంబాలకు ఆ రాత్రులు దొరకలేదు. మీ ఆరు కుటుంబాల్లో ఎవరైనా పోయినవాళ్ళు ఉంటే, ఆదరణ కూడిక ఇప్పుడైనా పెట్టవచ్చా అని మెల్లగా అడగండి. కావాలంటే వాళ్ళ ఇంట్లోనే పెట్టండి. మీరు టీ, బిస్కెట్లు చూసుకోండి, పాట వాళ్ళకు వదిలేయండి. ప్రసంగం పది నిమిషాలు దాటవద్దు. మనం ఈస్టర్‌కో నవంబరులోనో సమాధుల తోటకు వెళ్ళి సున్నం వేసి పూలు పెట్టి కొవ్వొత్తులు వెలిగిస్తాం కదా, వాళ్ళకు వెళ్ళడానికి సమాధి వెయ్యి మైళ్ళ అవతల ఉంది. ఆ రోజు మందిరంలో వాళ్ళవాళ్ళ పేర్లతో కూడా కొవ్వొత్తులు వెలిగించండి. పేర్లు తప్పు పలకకుండా ముందే నేర్చుకోండి.

క్షమాపణ ప్రసంగం ఇప్పుడే వద్దు. క్షమించాలన్నది ప్రభువు మాటే, కాదనను. కానీ ఏమీ పోగొట్టుకోని మనం, అన్నీ పోగొట్టుకున్నవాళ్ళకు మొదటి నెలలో దాన్ని బోధిస్తే, నోరు మూసుకోమన్నట్టే వాళ్ళకు వినపడుతుంది. కంధమాల్‌లో ఆ మాట వాళ్ళలోంచే వచ్చింది, వచ్చినప్పుడు మా ప్రసంగాల అవసరం లేకపోయింది.

కంధమాల్‌లో ఇంతకంటే కష్టమైన సంగతి ఒకటి ఉంది. మీకు నేరుగా సంబంధం లేకపోయినా చెబుతాను. 2008 ఆగస్టు 23న జలేస్‌పటా ఆశ్రమంలో విశ్వహిందూ పరిషత్ నాయకుడు స్వామి లక్ష్మణానంద సరస్వతినీ ఇంకో నలుగురినీ కాల్చి చంపారు. మావోయిస్టులు తామే చేశామన్నారు, కానీ దెబ్బ క్రైస్తవుల ఇళ్ళమీద పడింది. యాభై వేలమందికి పైగా అడవుల్లోకి, శిబిరాల్లోకి పారిపోయారు. చాలా ఊళ్ళలో, మతం మారితేనే తిరిగి రానిస్తామని షరతు పెట్టారు. కొందరు గొడ్డలి చూసి ఒప్పుకున్నారు, పొలంలో పసుపు దుంపలు తవ్వాల్సిన కాలం, పిల్లల ఆకలి. తర్వాత వాళ్ళలో కొందరు రాత్రివేళ శిబిరానికి వచ్చి దూరంగా కూర్చునేవాళ్ళు. వాళ్ళకు ప్రభువు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షారసం, ఇవ్వాలా వద్దా అని బయటినుంచి వచ్చిన కొందరు బోధకులు పెద్ద వాదన పెట్టుకున్నారు. ముందు బహిరంగంగా ఒప్పుకోలు చేయాలన్నారు. మా ఆయన అప్పటికి ఇరవైయేళ్ళుగా పాస్టర్, నియమాలు పాటించే మనిషి. ఆ రోజు రొట్టె పళ్ళెం తీసుకుని ఏమీ మాట్లాడకుండా వెనక వరసలో కూర్చున్న వాళ్ళ దగ్గరికే ముందు వెళ్ళారు. దానిమీద తర్వాత ఆయనకు ఉత్తరాలు వచ్చాయి, కొన్ని పరుషంగానే. ఆయన చేసింది సరైనదేనని నేను పూర్తిగా నమ్ముతాను. కత్తి ముందు చెప్పిన మాటను ప్రభువు లెక్కలో రాసుకోడు. మీ దగ్గరికి వచ్చినవాళ్ళలో కూడా విశ్వాసం సడలినవాళ్ళు, ప్రార్థన మానేసినవాళ్ళు, కోపంతో తాగుడు పట్టినవాళ్ళు ఉంటారు. బల్ల దగ్గర విచారణ పెట్టకండి.

సాయం గురించి. ఆరాధన అయ్యాక అక్కడే బియ్యం బస్తాలు పంచకండి, ఫోటో అసలు తీయకండి. శిబిరంలో ఒక సంస్థవాళ్ళు ఆరాధన ముగిశాక కూపన్లు ఇచ్చారు. తర్వాతి వారం జనం రెండింతలయ్యారు, ఆ తర్వాత కూపన్లు ఆగాక నిజంగా ప్రార్థనకు వచ్చేవాళ్ళు కూడా సిగ్గుపడి రావడం మానేశారు. సాయం వారం మధ్యలో, ఇంటికి వెళ్ళి, కవరులో ఇవ్వండి. ఆదివారం రాకపోయినా ఇవ్వండి. పక్క గదిలో వేరే మతంవాళ్ళు అదే గొడవలో వచ్చి ఉంటే వాళ్ళకూ ఇవ్వండి. మీ ఆరాధన యూట్యూబ్‌లో లైవ్ వెళ్తుందని రాశారు. కెమెరా వాళ్ళు కూర్చున్నవైపు తిప్పవద్దు. ఊళ్ళో ఇంకా బంధువులున్నారు, కేసుల్లో సాక్షులై ఉండవచ్చు, ముఖం కనబడటం ప్రమాదం.

కాగితాల పని సంఘం తప్పకుండా చేయాలి. ఒక రిజిస్టరు పెట్టి, ఏ ఊరు, ఏ రోజు, ఇల్లు, పశువులు, సర్టిఫికెట్లు ఏవేవి పోయాయి, ఫిర్యాదు ఎక్కడ ఇచ్చారు, అన్నీ వాళ్ళు చెప్పగలిగినప్పుడు రాయించి సంతకం తీసుకోండి. ఎందుకంటే, కంధమాల్ విషయంలో సుప్రీంకోర్టు అదనపు పరిహారం ఇవ్వమన్నది 2016 ఆగస్టులో, అంటే ఎనిమిదేళ్ళ తర్వాత. 827 కేసులు నమోదైతే 315 కేసులను పోలీసులు ముందే మూసేశారు, వాటిని మళ్ళీ చూడమని కోర్టు చెప్పింది. అన్నాళ్ళ తర్వాత కాగితం ఉన్నవాళ్ళకే పని తేలికైంది. బాప్తిస్మం, పెళ్ళి సర్టిఫికెట్లు కాలిపోయి ఉంటే వాళ్ళ సంఘాల కేంద్ర కార్యాలయాలకు మీ లెటర్‌హెడ్ మీద రాయండి. కులం కాగితం గురించి భయపడవద్దని చెప్పండి. మన దళిత క్రైస్తవులకు 1950 ఉత్తర్వు వల్ల ఎస్సీ హోదా పోతుంది, కంధమాల్‌లో పాణో అనే దళిత కులం కుటుంబాల గొడవకు మూలాల్లో అదీ ఒకటి. ఎస్టీకి మతంతో సంబంధం లేదు. అయితే మణిపూర్ ఎస్టీ సర్టిఫికెట్ తెలంగాణ రాష్ట్ర రిజర్వేషన్లకు పనికిరాదు, కేంద్ర సంస్థల్లో సీట్లకు, కేంద్ర ఉద్యోగాలకు పనికొస్తుంది. ఇంటర్ పిల్లలున్న ఇళ్ళకు ఇది ముందే చెప్పండి.

ఇక ఆ వెళ్ళిపోయిన చెల్లెలి సంగతి. ఆదివారం దాకా ఆగకండి. ఈ బుధవారమో గురువారమో సాయంత్రం మీరూ మీ భార్యగారూ ఇద్దరే వెళ్ళండి, పెద్దల గుంపును వెంట తీసుకెళ్ళవద్దు. ఆ రోజు మిమ్మల్ని నిలబెట్టడం మా తప్పు, క్షమించండి అని ఒక్క మాట చెప్పి ఊరుకోండి. వివరణ ఇవ్వబోకండి. టీ ఇస్తే తాగండి, వాళ్ళు పాలు లేని టీ ఇస్తారు, అది మర్యాద తక్కువని అనుకోవద్దు. అక్కడ ఉన్నప్పుడు చర్చిలో ఏ పని చేసేవారమ్మా అని అడగండి. సండే స్కూల్ అంటే మీ సండే స్కూల్లో చిన్నపిల్లల క్లాసు ఇవ్వండి, చిన్నపిల్లలకు భాష అడ్డం కాదు. పాట అంటే పాట. పూలు సర్దడం అంటే బల్లమీది పూల బాధ్యత ఆవిడది. ఏమీ వద్దంటే సరేనని వచ్చేయండి, ఇంకో రెండు వారాలకు మళ్ళీ వెళ్ళండి.

డోలు కావాల్సి వస్తే అక్కడ చదువుకునే ఈశాన్య పిల్లలను అడగండి, వాళ్ళ కూటాల్లో ఒకటి తప్పక ఉంటుంది. దొరకకపోతే ఇక్కడే రాయండి, ఐజ్వాల్‌లో నాకు తెలిసినవాళ్ళ ద్వారా పార్సిల్ చేయిస్తాను.